ఛాత్రులు – ఛత్రము: మేటి విద్యార్థులకు మన పెద్దలు చేసిన దోహదము

విద్యార్థికి సంస్కృతమున ఛాత్రుడని యొక పేరు గలదు. ఛత్రమనగా గొడుగు. గురువు శిష్యుని గొడుగువలె కాపాడవలెననియు, శిష్యుడును గురువు నట్లే కాపాడవలెననియు మహాభాష్యకారుడు ఈ పదమునకు భావము చెప్పియున్నాడు. గురువు దోషములను కప్పిపుచ్చువాడే ఛాత్రుడని పిమ్మటి వ్యాఖ్యాత లనిరి గాని, ముప్పది యేండ్లకు పైగా బడిపంతులుగా నుండిన మాకు ఆ యర్థము రుచింపదు. పిల్లలు గురువు దోషములను కప్పిపుచ్చుట మే మెన్నడును చూచి యెరుగము!

మన సంఘము ఏటేట వార్షిక మహాసభలో పదియవ తరగతియందు మేటి మార్కులు గాంచిన బాలబాలికలను వేదికపైకి పిలిచి, శాలువలు కప్పి, జ్ఞాపికల నిచ్చి, ఛాయాపటములు తీయించుచున్నది. ఇది మంచి యాచారము. తలిదండ్రుల కన్నులు చెమర్చుటయు మే మెరుగుదుము. అయితే వేదిక దిగిన మరునాడు ఆ బిడ్డ యెచ్చటికి పోవును? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మన దేశమున విద్యాదాత లనిపించుకొన్నవారు దీనిని తమతమ కాలములందు వేసికొనిరి. వారు చెప్పుకొన్న సమాధానములే ఈ వ్యాసమునకు విషయము.

క్రీ.శ. 1261 నాటి మల్కాపురము శాసనమున, కాకతి రుద్రమదేవి కాలమున విశ్వేశ్వర శివాచార్యుల గోళకీమఠమునకు జరిగిన యేర్పాటులు వ్రాయబడి యున్నవి. వేదములను, సాహిత్యమును, ఆగమములను బోధించు అధ్యాపకులతో పాటు వైద్యుడు, ఆరోగ్యశాల, ప్రసూతిశాల, అన్నసత్రము కూడ అందు గలవు. అధ్యాపకునకు జీత మిచ్చినంత మాత్రమున విద్య సాగదనియు, చదువరి కడుపును ఒడలును కూడ చూడవలెననియు ఆనాటి దాత లెరిగిరి. అట్టి మఠముల వాకిళ్లు అందరి బిడ్డలకును తెరచి యుండలేదని చెప్పుటయు చరిత్ర వ్రాయువాని ధర్మమే.

గత శతాబ్దారంభమున హైదరాబాదు సంస్థానమందలి పల్లెబాలునకు రెండు చిక్కులుండెను. ఉన్నత పాఠశాల దూరము, బోధనాభాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున సైతము ఉర్దూయే బోధనాభాష. ఎట్లో ఊరిబడి ముగించి నగరము చేరిన బాలునకు తిండియు బసయు దొరకుటయే కష్టము. ఆ 1918లోనే హైదరాబాదున రెడ్డి వసతిగృహము స్థాపితమైనది. పిమ్మట 1920లో నగర కొత్వాలులైన రాజబహద్దూరు వెంకటరామారెడ్డిగారు దానికి మూలపురుషులు. సురవరము ప్రతాపరెడ్డిగారు ఆ గృహమునకు కార్యదర్శిగా నుండి గ్రంథాలయమును పెంచిరి. 1926లో గోలకొండ పత్రికను ఆరంభించినదియు వారే. పేరు ఒక కులముదైనను ఇతర కులముల విద్యార్థులకును అచ్చట చోటు దొరకినది. కులసంఘముల సొమ్ముతో చదువు చెప్పింపవచ్చునని ఆ గృహము చూపగా, తరువాత మరికొన్ని కులములవారును తమ పిల్లలకు బసలు కట్టిరి. గమనింపుడు: వారు మొదట బంగారు పతకములు చేయింపలేదు; మంచములు వేయించిరి, వంటవానిని కుదిర్చిరి, పుస్తకములు కొనిరి.

అంతకు ముందే, 1910 ప్రాంతమున, భాగ్యరెడ్డివర్మగారు అంటరానివారని దూరముంచబడిన కులముల బిడ్డలకై నగరమున పాఠశాలల నారంభించిరి. అచ్చటి సమస్య మేటి విద్యార్థిని పై తరగతికి పంపుట కాదు. అసలు బడిలో కూర్చుండనిచ్చుటయే. గొడుగు అందరిపై నొకేసారి విచ్చుకొనలేదని ఈ భేదము మనకు తెలుపుచున్నది.

బాలికల మాట మరియు ముఖ్యము. 1928లో మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు హైదరాబాదు నారాయణగూడలో తెలుగు బోధనాభాషగా బాలికల ఉన్నత పాఠశాలను నెలకొల్పిరి. ఉర్దూ బోధన లేనందున ఉస్మానియావా రా బడిని గుర్తింపలేదు. చదువు బడిలో సాగుచున్నది గాని చదివినట్లు పత్రమిచ్చువారు లేరు! మాడపాటివారు నిరాశ చెందక, కార్వే పండితుడు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయముతో సంబంధము కల్పించి తమ బాలికలకు పరీక్షల మార్గము తెరచిరి. తెలివిగల బాలికను మెచ్చుకొనుట సులభము. ఆమె ముందు మూసియున్న తలుపునకు మరియొక త్రోవ వెదకుట కష్టము. మేము మాడపాటివారిని గొప్ప విద్యాదాతలుగా నెంచుట ఈ రెండవ పనిని బట్టియే.

స్వాతంత్ర్యానంతరము ఈ భారమును ప్రభుత్వము కొంత తలకెత్తుకొన్నది. 1971లో పి.వి. నరసింహారావుగారి చొరవచే నల్లగొండ జిల్లా సర్వేలు గ్రామమున గురుకుల పాఠశాల నెలకొన్నది. అది నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో నున్నది. పల్లెలలోని చురుకైన పిల్లలను పరీక్షించి యెన్నుకొని, గురువులతో ఒకేచోట నుంచి, ఉచితముగా చదివించుట దాని పద్ధతి. తరువాత ఆయన కేంద్రమున విద్యాశాఖ వహించియున్నపుడు నవోదయ విద్యాలయములు దేశమంతట వెలసినవి. పూర్వపు మెదకు జిల్లాకు వర్గలులో నొకటి దక్కినది. ఎన్నిక కాని పిల్లల గతి యేమని కొందరాక్షేపించిరి. ఆక్షేపణ సబబైనదే. కాని దానికి తగిన మాట ఊరిబడిని బాగుచేయుడనియే గాని గురుకులము వలదని కాదు.

సాంఘిక సంక్షేమ గురుకులముల విద్యార్థినియగు మాలావత్ పూర్ణ 2014 మే 25వ తేదీన, పదునాలు గేండ్లయిన నిండకయే, ఎవరెస్టు శిఖర మెక్కినది. ఖమ్మము జిల్లా బాలుడు ఆనందకుమారుడును ఆమెతో నెక్కెను. లోకము శిఖరమునే చూచినది. మేము చూచునది మొదటి మెట్టును: భువనగిరి గుట్టపై తాడు పట్టించిన శిక్షణము, తరువాత డార్జిలింగు, పిదప లదాకు చలి. ఒక్కొక్క మెట్టు తేలికయైన కొలదియు అంతకంటె కఠినమైన దాని నందిచ్చిరి.

ఈ సూక్ష్మమే మన బడులలో తరచుగా తప్పిపోవుచున్నది. లెక్క ముందుగా ముగించిన పిల్లవానికి ఉపాధ్యాయుడిచ్చు బహుమాన మేమి? హాజరు పట్టీ తెమ్మనుట, సుద్దముక్కలు పంచుమనుట, అల్లరివారి పేర్లు పలకపై వ్రాయుమనుట! ఏడాది గడచునప్పటికి వాడు మంచి బంట్రోతగును. అట్టివానికి పావులూరి మల్లన గణితమునుండియో, భాస్కరుని లీలావతినుండియో ఒక చిక్కులెక్క నిచ్చి, రేపు చెప్పుమని మేము పంపుచుంటిమి. వానికి రాత్రి నిదుర పట్టదు. ఆ నిదురలేమియే సత్కారము.

ఇక మన ఇంద్రేశము, పటాన్‌చెరు ప్రాంతము. 1970 తరువాత ఇచ్చట కర్మాగారములు దట్టముగా వెలసినవి. 1972లో మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధనాలయము పటాన్‌చెరున స్థాపితమైనది. పరరాష్ట్రములనుండి వచ్చిన కూలివారి బిడ్డలును మన బిడ్డల ప్రక్కనే కూర్చుండి తెలుగున చదువుచున్నారు. 2008వ సంవత్సరము మాకు విశేషముగా తోచును. ఆ యేడే మన జిల్లాలో ఐ.ఐ.టి. ఆరంభమై మొదట ఎద్దుమైలారమున నడచి, పిదప కందికి చేరినది. ఆ యేడే బాసర సరస్వతీ సన్నిధిని గ్రామీణ విద్యార్థులకై సాంకేతిక విశ్వవిద్యాలయము పుట్టినది. పదియవ తరగతి మార్కులనుబట్టి చేర్చుకొని ఆరేండ్లు చదివించుట అచ్చటి నియమము, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు కొంత అదనపు గణన. ఆ యేడే కేంద్రప్రభుత్వపు ప్రతిభా ఉపకారవేతనము వచ్చినది.

ఈ మూడవది మనవారి కంతగా తెలియదు. ప్రభుత్వ, స్థానిక, సహాయపొందు పాఠశాలలలో ఎనిమిదవ తరగతి చదువుచు, తలిదండ్రుల వార్షికాదాయము మూడున్నర లక్షలకు మించని పిల్లలు ఈ పరీక్ష వ్రాయవచ్చును. నెగ్గినచో తొమ్మిదవ తరగతినుండి నాలుగేండ్లు ఏటికి 12,000 రూపాయలు వచ్చును. 1963లో ఆరంభమైన జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష 2021 తరువాత నిలిచిపోయినందున, పేదబడి పిల్లవానికి దీని విలువ హెచ్చినది. పరీక్ష నెగ్గియు, బ్యాంకు ఖాతాలో పేరు ఒక యక్షరము తేడాపడి సొమ్ము రాని పిల్లలను మేము చూచితిమి. ప్రతియేడు పునరుద్ధరణ చేసికొనవలెనని తెలియక పోగొట్టుకొన్నవారినిని చూచితిమి. పదియవ తరగతిలో బడి కంతకు ప్రథమురాలై, ఊరికి దూరమని కళాశాలకు పంపబడక, ఏడాది తిరుగకయే పెండ్లిపీటలెక్కిన బాలికయు మా కండ్లయెదుట నున్నది. ఆమె యింటి గోడను మన సంఘమిచ్చిన జ్ఞాపిక వ్రేలాడుచున్నది.

కావున పోషకులకు మా విన్నప మిది. వచ్చు మహాసభలో శాలువల పద్దును సగమునకు తగ్గింపుడు. మిగిలిన సొమ్ముతో ఎనిమిదవ తరగతి పిల్లలకు ఆదివారములందు సంఘభవనముననే పాఠములు చెప్పింపవచ్చును. గణితము చెప్పు యువకుని కొకనికి జీతము, పిల్లలకు మధ్యాహ్న భోజనము చాలును. కళాశాలకు పోవు బాలికలకు బస్సు ఖర్చు వేరుగా నుంచవలెను. పక్కయింటి ఒడిశా కూలివాని బిడ్డ వచ్చి కూర్చున్నచో లేపరాదు. ఆధారపత్రములు, బ్యాంకు ఖాతాలు సరిచూచుట మావంటి విశ్రాంత ఉపాధ్యాయుల పాలు. సంస్కృతమున సందేహములున్నచో అవియు తీర్తుము గాని, మొదట ఖాతాపుస్తకములు తెచ్చుకొనవలెను.