మెగస్తనీసు లెక్కలో మన ముప్పై కోటలు

శనివారం ఉదయం ఏడింటికి సైబర్ టవర్స్ దగ్గర చాయ్ తాగి బయల్దేరారు. నైట్ షిఫ్ట్ వాళ్లను దింపుకొచ్చే క్యాబులు ఎదురొస్తున్నాయి. "కొండాపూర్ పోవాలె" అంటే ఆటో అన్న నవ్వుతాడు, "ముందు కనవడేదే కదన్నా కొండాపూర్!" అంటూ. అది కాదు. మీరు వెళ్లేది సంగారెడ్డి అవతల ఉన్న కొండాపూర్‌కి. మియాపూర్, బీహెచ్ఈఎల్, పటాన్‌చెరు దాటి, సంగారెడ్డి పక్కకు తిరిగేసరికి పత్తిచేలు మొదలవుతాయి.

కొండాపూర్ మ్యూజియంలో అద్దానికి ముక్కు ఆనించి చూడండి. గోటి వెడల్పు నాణెం మీద తొండమెత్తిన ఏనుగు. శాతవాహనులది. పక్కన గాజు పూసలు, తెల్లటి సుద్దమట్టి బొమ్మలు. 1940 ప్రాంతంలో గులాం యజ్దానీ తవ్వించిన ఈ ఊళ్లోనే రోము చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా దొరికింది.

బయటికొచ్చి కోటగడ్డ ఎక్కండి. కాలికింద ఎర్రని, నల్లని కుండపెంకులు కరకరమంటాయి. ఏరుకోకండి, నేరం. ఇలాంటి గడ్డ ఎక్కితే గుర్తొచ్చే పాత లెక్క ఒకటుంది: ఆంధ్రులకు ప్రాకారాలున్న 30 పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయని క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లీనీ లాటిన్‌లో రాశాడు. అంతకు మూడు వందల ఏళ్ల పైచిలుకు ముందు చంద్రగుప్త మౌర్యుడి కొలువుకు వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీసు పుస్తకం నుంచే ఆ సంగతి తీసుకున్నాడని పండితుల నమ్మకం. అసలు పుస్తకం మిగల్లేదు. ఉన్న ముక్కలో లెక్కే ఉంది, ఒక్క పట్టణం పేరూ లేదు.

ప్లేటో అట్లాంటిస్ గురించి ఎంత చెప్పినా తవ్వడానికి చోటే లేదు. ఇక్కడ కథ తిరగబడింది: తవ్విన చోట్లు చాలా ఉన్నాయి, చెప్పిన పేర్లే లేవు. అందుకే గట్టి మట్టిదిబ్బ కనిపించినప్పుడల్లా "ఆ ముప్పైలో ఇదొకటి" అనేస్తాం. కొండాపూర్‌నూ అన్నారు. నాకైతే నమ్మబుద్ధి కాదు. ఈ గడ్డ వైభవమంతా శాతవాహనుల నాటిది, మెగస్తనీసు అంతకు చాలా ముందువాడు. పైగా అతను పాటలీపుత్రంలో విన్నది రాసి ఉంటాడు. వచ్చి కోటలు లెక్కపెట్టలేదు కదా!

ఆ ముప్పైని వెతకాలంటే గోదావరి దిక్కుకు పోవాలి. ధూళికట్టలో మట్టికోట బయటపడింది. కోటిలింగాలలో శాతవాహనులకన్నా ముందటి గోబద, సమగోప వంటి రాజుల నాణేలు దొరికాయి. మెగస్తనీసు కాలానికి కాస్తయినా దగ్గరపడేవి అవే.

పేరుతో సహా దొరికిన ఊరు మాత్రం సముద్రం వైపు ఉంది. రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ కృష్ణా తీరాన కొంటకొస్సిల అనే వర్తక స్థలం చెప్పాడు. నాగార్జునకొండ శాసనంలో కంటకసేల అని ఉంది. అది నేటి ఘంటసాలేనన్నది పండితుల మాట. అక్కడి పాత శాసనంలో ఓ మహానావికుడి ప్రస్తావన కూడా ఉంది. ఇప్పుడు ఆ ఊళ్లో నిలబడితే సముద్రం కనిపించదు, వరిచేలే. ఘంటసాల చూడాలంటే ఒక్క శనివారం చాలదు, ఆదివారం కూడా కలుపుకోవాలి.