ఫిడిల్ లీఫ్ ఫిగ్

మర్రి, రావి, మేడి చెట్ల ఫైకస్ ప్రజాతికే చెందిన ఇంటి మొక్క. శాస్త్రీయ నామం ఫైకస్ లైరేటా. పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా వర్షారణ్యాలు. ఫిడేలు ఆకారపు ఆకులు అడుగుకు మించి పెరుగుతాయి. కమ్మర్‌పల్లి లాంటి నిజామాబాదు జిల్లా ఊళ్లలో దీనికి ఎండాకాలమే గండం. వడగాలి తగిలితే ఆకుల అంచులు మాడిపోతాయి. ఎర్రటి ఎండ పడని, వెలుతురు దండిగా వచ్చే కిటికీ పక్కన ఉంచాలి. కుండీని మాటిమాటికీ జరిపితే అలిగినట్టు ఆకులు రాలుస్తుంది. ఇళ్లలో ఇది ఎక్కువగా చచ్చేది నీళ్లు మితిమీరే. పైమట్టి రెండంగుళాలు ఆరాకే నిండా పోసి, పళ్లెంలో నిలిచినవి పారబోయాలి. వేళ్లు కుళ్లితే కింది ఆకులపై ముదురు గోధుమరంగు మచ్చలు కనిపిస్తాయి. దుమ్మును తడిగుడ్డతో తుడవాలి. కొమ్మ తుంచితే కారే పాలు చర్మానికి దురద పెట్టవచ్చు. పిల్లులు, కుక్కలు నమిలితే నోరు మండుతుంది.