ఉత్తర తెలంగాణలో సాగు నియంత్రణ: అడవి హద్దు నుంచి వరి మడి దాకా

ప్రవేశిక

వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి వ్యవసాయాన్ని నియంత్రించాలన్న వాదన ఇటీవలిది. అయితే ఎక్కడ, ఏమి పండించాలో రాజ్యం నిర్ణయించడం ఉత్తర తెలంగాణకు కొత్త కాదు. అటువంటి నియంత్రణ ఎప్పుడు నిలబడుతుందో పూర్వపు ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల అనుభవాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

అడవి హద్దు

కొండవాలులో చెట్లు నరికి, కాల్చి, కొన్నేళ్లు పంట తీసి, మరోచోటికి తరలడం పోడు. ఆదిలాబాద్ కొండల్లో కోలాములు ఈ పద్ధతిని అనుసరించారు. నిజాం ప్రభుత్వం అడవులను రిజర్వు చేయడంతో వారి పోడుతోపాటు గోండుల నాగలి సాగు కూడా ఆంక్షలకు లోనైంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం మరణం ఆ సంఘర్షణకు పరాకాష్ఠ. అనంతరం మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చేసిన అధ్యయనం గిరిజనుల భూమిహక్కును ప్రభుత్వం ముందుంచింది. పట్టాల పంపిణీకి తోడ్పడింది. అయినా భూసమస్య తీరలేదని 1981 ఏప్రిల్ 20 నాటి ఇంద్రవెల్లి కాల్పులు చాటాయి. అడవిని కర్బన నిల్వగా చూస్తున్న నేటి విధానాలకూ ఈ చరిత్ర వర్తిస్తుంది.

వరి మడి

కరీంనగర్‌లో నియంత్రణ రూపం వేరు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు నుంచి కాకతీయ కాలువ ఈ జిల్లాకు నీరు తెచ్చింది, వరి విస్తరించింది. నీరు నిలిచిన మడిలో నేలకు గాలి అందక సూక్ష్మజీవులు మీథేన్‌ను ఉత్పత్తి చేస్తాయి. కానీ 2020 మేలో ప్రభుత్వం ప్రకటించిన నియంత్రిత సాగుకు ప్రధాన కారణం మార్కెట్టే. వానాకాలంలో మక్క వేయవద్దని, సూచించిన పంటలు వేసినవారికే రైతుబంధు ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. 2018 మే 10న ఇదే జిల్లాలోని హుజూరాబాద్ ప్రాంతంలో మొదలైన సాయం అలా షరతుగా మారింది. 2020 డిసెంబరులో ఆ విధానాన్ని విరమించారు. 2021-22 యాసంగిలో వరి వద్దన్న ప్రభుత్వమే 2022 ఏప్రిల్‌లో ధాన్యం కొనడానికి నిర్ణయించింది. వరికున్నంత కొనుగోలు భరోసా ఇతర పంటలకు లేనప్పుడు రైతు వరి వైపు మొగ్గడం సహజం.

ముగింపు

మడిని తడిపి, ఆరనిచ్చి, మళ్లీ తడిపే పద్ధతి మీథేన్‌ను తగ్గిస్తుంది, నీటినీ ఆదా చేస్తుంది. కానీ రేపు కాలువ నీరు వస్తుందన్న నమ్మకం లేని రైతు ఈరోజు మడిని ఆరనివ్వడు. ఆదిలాబాద్‌లో పట్టా ఎంత ముఖ్యమో, కరీంనగర్‌లో నీటి వంతు, గిట్టుబాటు ధర అంతే ముఖ్యం. వాతావరణం పేరిట రాబోయే ఏ నియంత్రణైనా ఆంక్షకు ముందు ఈ భరోసాను సమకూర్చవలసి ఉంటుంది.