పిల్లికి సగం బిళ్ళ

మా ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడ్డా వైద్యం నాదే. పోపులడబ్బా పక్కనే మందులడబ్బా. అందుకే ఒక శ్రావణమాసపు ముసురులో మా పిల్లి బుజ్జులు ముద్ద ముట్టకుండా ముడుచుకుని పడుకుంటే, చెవులు పట్టుకు చూసి "జ్వరమే" అని తేల్చేశాను. సగం జ్వరం బిళ్ళ నలిపి, పాలల్లో కలిపి, ఉగ్గుగిన్నెతో పట్టేశాను. చంటిపిల్లలకి కూడా ఇచ్చే మందేగా!

సాయంత్రానికి దాని మొహం ఉబ్బింది. గులాబీరంగులో ఉండే చిగుళ్ళు కాఫీపొడి రంగుకి దిగాయి. ఊపిరికి ఎగబోస్తోంది. పిల్లికి చెలగాటం అంటారే, ఆ పూట చెలగాటం నాది, ప్రాణసంకటం దానిది.

"ఏం పెట్టారమ్మా? అట్ట తెచ్చారా?" అన్నారు పశువుల డాక్టరుగారు. నశ్యం పట్టినట్టు వేళ్ళ మధ్య నలుపుకుంటున్న అట్ట ఆయన చేతికిచ్చాను. "పారాసెటమాల్! పిల్లికి ఇది విషం" అన్నారాయన.

తరవాత కుదురుగా కూర్చుని ఆ బిళ్ళ పుట్టుపూర్వోత్తరాలు చదివాను. చెప్పొద్దూ, మొదలే పొరపాటుతో!

1886లో, అప్పటికి జర్మనీలో ఉన్న స్ట్రాస్‌బర్గ్‌లో, కాన్, హెప్ అనే ఇద్దరు కుర్ర డాక్టర్లు కడుపులో పురుగులున్న రోగికి నాఫ్తలీన్ ఇస్తున్నారు. అవునండీ, మనం పట్టుచీరల మధ్య వేసే కలరా ఉండల సరుకే! పురుగుల సంగతి ఎలా ఉన్నా జ్వరం దిగింది. ఆరా తీస్తే మందులషాపు వాళ్ళు పొరపాటున ఇచ్చింది అసిటనిలైడ్ అనే వేరే పదార్థమట. 'యాంటీఫెబ్రిన్' పేరుతో అది బజారుకెక్కింది. కానీ కొందరికి పెదవులు, గోళ్ళు నీలిబారేవి. రక్తం ప్రాణవాయువును మోయలేకపోయేది.

ఆ ముడి 1948లో న్యూయార్కులో బ్రాడీ, ఆక్సెల్‌రాడ్ విప్పారు. అసిటనిలైడ్ ఒంట్లో పారాసెటమాల్‌గా మారుతుంది, జ్వరం దించేది అదే, నీలిరంగు తెచ్చేది దాంతోపాటు పుట్టే మరొకటి. ఇంకేం, అసలు సరుకునే ఇస్తే సరి! పారాసెటమాల్‌ను 1878 నాటికే మోర్స్ తయారుచేశాడు, 1893లో ఫాన్ మెరింగ్ రోగులకి ఇచ్చి చూశాడు. ఎవరూ పట్టించుకోలేదంతే. 1955లో అమెరికాలోనూ, మరుసటి ఏడు బ్రిటన్‌లోనూ దుకాణాలకి వచ్చింది.

మన కాలేయం ఈ మందుకి చక్కెర జాతి పదార్థమొకటి తగిలించి మూత్రంలోకి సాగనంపుతుంది. పిల్లికి ఆ పనిచేసే జన్యువు చెడిపోయి ఉందని 2000లో కోర్ట్, గ్రీన్‌బ్లాట్ చూపించారు. సింహానికీ అంతేనట. తరతరాలుగా మాంసం మీదే బతికే జాతికి మొక్కల విషాలు విరిచే పని లేక ఆ విద్య మరుగునపడిందని ఊహ. దాంతో మందు ఒంట్లోనే నిలిచి, మనుషులు తప్పించుకున్న ఆ పాత గండాన్నే పిల్లి నెత్తిన పెడుతుంది. 1897లో హాఫ్‌మన్ చేసిన ఆస్పిరిన్ అయినా అంతే. పిల్లి ఒంట్లోంచి సగం పోవడానికే ఒక రోజో, ఒకటిన్నర రోజో. ఐబుప్రొఫెన్ సంగతి అడగనే వద్దు. జలుబు బిళ్ళల్లో కూడా పారాసెటమాల్ కలిసి ఉంటుంది, అట్ట తిప్పి చూడండి.

విరుగుడు ఏమిటనుకున్నారు? కఫం పల్చబడటానికి మనుషులకిచ్చే ఎసిటైల్‌సిస్టీన్. అదీ మన మందే, కానీ లెక్క డాక్టరుగారిది. ఆ రాత్రంతా వేళకి వేళ ఇస్తూ కూర్చున్నారాయన. నేను బయట బల్లమీద.

నాలుగోరోజున బుజ్జులు పాలు తాగింది. నా గిన్నెలోవి కాదు, మా అమ్మాయి సాసర్లో పోసినవి.