జన్యువు

సంస్కృతమున ‘జన్’ అను ధాతువునకు పుట్టుట యని యర్థము. జననము, జన్మము, జనకుఁడు, జాతి మొదలగు పదములన్నియు ఆ ధాతువునుండి వెలువడినవే. నేఁడు జీవశాస్త్ర గ్రంథములయందు నిత్యము కానవచ్చు ‘జన్యువు’ సైతము ఆ కుటుంబమునకుఁ జెందినదే.

అయినను, పదముకంటె భావమే ముందు పుట్టినది. బ్రనో నగరపు మఠవాసి గ్రెగర్ మెండెల్ బఠానీ మొక్కలను సంకరపఱచి, రెండవ తరమున 5,474 గుండ్రని గింజలను, 1,850 ముడుతల గింజలను లెక్కించి, మొదటి తరమున మఱుఁగుపడిన ముడుత లక్షణము ఇంచుమించు మూఁటికొకటి చొప్పున మరలఁ బొడసూపుట గమనించి, లక్షణములు ఒకదానిలో నొకటి కరఁగిపోవక, జంటలుగానుండు కారకములచే తరతరమునకు సంక్రమించునని 1866లో ప్రకటించెను.

ఆ కారకములకు ‘జీన్’ అని 1909లో నామకరణము చేసినవాఁడు డెన్మార్కు వృక్షశాస్త్రజ్ఞుఁడు విల్‌హెల్మ్ యొహాన్సన్. ఆ పేరునకు మూలమైన గ్రీకు ధాతువును, మన ‘జన్’ ధాతువును ఏకమూలజములు. కావుననే ‘జన్యువు’ అను పారిభాషిక పదము అర్థమునందే గాక ధ్వనియందును ‘జీన్’ను పోలియున్నది.

జన్యురూపము, దృశ్యరూపము అను భేదమును జూపినవాఁడును యొహాన్సనే. గుండ్రని గింజలు రెండు కంటికి ఒక్కతీరుననే కనఁబడినను, ఒకదానియందు ముడుతకుఁ గారణమైన జన్యువు దాఁగియుండవచ్చును; కంటికిఁ గనఁబడునది దృశ్యరూపము, దాఁగినదానితోఁ గూడ లోపలనున్న జన్యువుల కూర్పు జన్యురూపము. ఈ భేదము నెఱిఁగిన విద్యార్థికి జన్యుశాస్త్రము సగము కరతలామలకమైనట్లే.