బడి గడప దాటించే చేతులు



ఈవేళ నేను చెప్పబోయే విషయం పేరు కాస్త నోరు తిరగనిదే. ఆక్యుపేషనల్ థెరపీ. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు ఇదేదో ఉద్యోగాలిప్పించే వ్యవహారం కాబోలు అనుకున్నాను. కాదని తెలిసిన రోజున మాత్రం నా చిన్ననాటి తోటి పిల్లవాడొకడు జ్ఞాపకం వచ్చి మనసు చివుక్కుమంది.

మాది కోనసీమలో చిన్న ఊరు. మా వీధి చివరింట్లో ఒక అబ్బాయి ఉండేవాడు. పోలియో వచ్చి ఎడమ కాలూ, ఎడమ చెయ్యీ చచ్చుబడ్డాయి. వాళ్ళమ్మ వాణ్ణి చంకనెత్తుకుని, బోదె మీద వేసిన తాటిదుంగ దాటించి రోజూ బడికి తెచ్చేది. నోటిలెక్కలడిగితే మా అందరికన్నా ముందు చెప్పేవాడు. రాయమంటే మాత్రం పలక జారిపోయేది. అదిమి పట్టుకోవడానికి రెండో చెయ్యి సాయం లేదు మరి. "వీడికి రాత రాదు, మీకెందుకమ్మా ఈ శ్రమ" అన్నారు బడిలో. నాలుగో తరగతితో చదువు ఆగిపోయింది. పలక కింద ఒక తడిగుడ్డ పరిస్తే జారదని ఎవరికీ తోచలేదు. కత్తిపీట జారకుండా కింద గోనెముక్క వేసుకునే మన ఆడవాళ్ళకు కూడా తోచలేదు!

ఎవరిని బడిలోకి రానివ్వాలి అన్న ప్రశ్న మన గోదావరి తీరానికి కొత్తది కాదు. 1874లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టినప్పుడు, ఆడదానికి చదువెందుకని అన్నవాళ్ళే ఎక్కువ. ఆ గడప ఆనాడు తెరిచారు కాబట్టే ఈనాడు నాబోటిది నాలుగక్షరాలు నేర్చి మైకు ముందు కూర్చోగలిగింది. అయితే ఒక తేడా ఉంది. ఆడపిల్లకు తలుపు తీస్తే నడిచి లోపలికి వస్తుంది. కాలో చెయ్యో స్వాధీనంలో లేని బిడ్డకు తలుపు తీసినంత మాత్రాన చాలదు. గడప దాటించే చెయ్యి కూడా కావాలి. ఆ చెయ్యే ఆక్యుపేషనల్ థెరపిస్టు.

ఈ విద్య పుట్టింది అమెరికాలో. 1917లో అక్కడ దీనికొక సంఘం ఏర్పడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి వచ్చిన సిపాయిలను ఊరికే మంచాన పడుకోబెట్టకుండా నేత, వడ్రంగం, బుట్టలల్లడం వంటి పనులు చేయిస్తూ, వాళ్ళ చేతులకు సత్తువ, మనసుకు ధైర్యం తెప్పించేవారు. పనే మందన్నమాట.

దాన్ని మన దేశానికి తెచ్చింది కూడా ఒక స్త్రీయే. ఎలిజబెత్ లండీ అనే అమెరికన్ యువతి విష్ణు నింబ్కర్ అనే మహారాష్ట్రుణ్ణి పెళ్ళాడి, 1930లో బొంబాయి వచ్చి కమలా నింబ్కర్ అయ్యారు. తరువాత అమెరికా వెళ్ళి ఈ విద్య నేర్చుకుని వచ్చి, 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దేశంలోనే మొదటి ఆక్యుపేషనల్ థెరపీ పాఠశాల ప్రారంభించారు. 1952లో అఖిల భారత సంఘం వచ్చింది. ఆ సంవత్సరమే ఏర్పడిన ప్రపంచ సమాఖ్యకు పునాది వేసిన పది దేశాల్లో మనదీ ఒకటి. మెట్టినింటికి ఆ కోడలు తెచ్చిన సారె అది!

ఇదంతా ఆసుపత్రి నాలుగు గోడల మధ్య జరిగిన సంగతి. కాని పిల్లవాడు రోజంతా గడిపేది ఆసుపత్రిలో కాదు కదా, బడిలో. అమెరికాలో 1975లో వికలాంగ బాలలందరికీ చదువు చెప్పి తీరాలని చట్టం చేసి, అందుకు అవసరమైతే ఈ నిపుణుల సాయం కూడా బడి తరఫునే అందాలన్నారు. మన దగ్గర 1964-66 కొఠారీ కమిషన్, ఇలాంటి పిల్లలను వీలైనంతవరకు మామూలు బడుల్లోనే చదివించాలని చెప్పింది. 1974లో కేంద్ర ప్రభుత్వం అందుకొక పథకం పెట్టింది. బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం 1984లో సికింద్రాబాదులో జాతీయ సంస్థ నెలకొన్నది. 1995లో మొదటి వికలాంగుల చట్టం, 2009లో విద్యాహక్కు చట్టం వచ్చాయి. 2016 చట్టం వైకల్యాల జాబితాను ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచింది. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న బిడ్డలకు ఆరేళ్ళ నుంచి పద్ధెనిమిదేళ్ళ దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉంది.

ఇంతకీ ఈ నిపుణులు బడిలో చేసేదేమిటి? ఫిజియోథెరపిస్టు ముఖ్యంగా కాళ్ళూ చేతులూ, కండరాలూ సరిగా కదిలేలా చూస్తారు. వీరేమో ఆ చేతులతో పిల్లవాడు తన పని తాను ఎలా చేసుకోవాలో చూస్తారు. పిల్లలకు పనంటే ఏమిటి చెప్పండి? బొత్తాం పెట్టుకోవడం, అన్నం డబ్బా మూత తీసుకోవడం, బల్ల మీద ఒరిగిపోకుండా కూర్చోవడం, రాయడం, ఆడుకోవడం. కాళ్ళు వేలాడుతుంటే కింద ఒక పీట వేయిస్తారు. పెన్సిలు పట్టు దొరక్కపోతే దానికి గుడ్డ చుట్టి లావు చేస్తారు. బొత్తాం రంధ్రం పెద్దది చేయమంటారు. గోల భరించలేని బిడ్డను కిటికీకి దూరంగా, పంతులమ్మకు దగ్గరగా కూర్చోబెట్టమంటారు. చూశారా, అన్నీ మన ఇంట్లో ఉండే వస్తువులే! అయితే ఏ బిడ్డకు ఏది కావాలో, ఎంతవరకు సాయం చేసి ఎక్కడ చెయ్యి వదిలెయ్యాలో తెలియడమే విద్య. దానికే వాళ్ళు ఏళ్ళ తరబడి చదువుతారు.

మన ఆంధ్రదేశంలో మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అక్కడ శిక్షణ పొందిన ఉపాధ్యాయులు చదువు చెబుతారు, ఫిజియోథెరపిస్టులు వచ్చి వ్యాయామాలు చేయిస్తారు. బడికి రాలేని బిడ్డకు ఇంటి దగ్గరే చెప్పే ఏర్పాటూ ఉంది. అది మంచి మొదలే. కాని ఆక్యుపేషనల్ థెరపిస్టు ఇంకా ప్రతి బడికీ అందలేదు. పోలియో పోయింది, 2014 మార్చి 27న మన దేశానికి ఆ పీడ విరగడైనట్లు ప్రకటించారు. అంతమాత్రాన బడిలో చేతిసాయం కావలసిన పిల్లలు లేకుండా పోలేదు. పుట్టుకలోనే మెదడుకు దెబ్బ తగిలినవాళ్ళు, ఆటిజం ఉన్నవాళ్ళు, వేళ్ళ పట్టు కుదరక రాత వెనకబడ్డవాళ్ళు మన వీధుల్లోనే ఉన్నారు.

మొన్న సంక్రాంతికి మా ఊరు వెళ్ళాను. ఆ అబ్బాయి ఇప్పుడు కిరాణా కొట్టు నడుపుతున్నాడు. లెక్క ఇప్పటికీ నోటితోనే. ఖాతా పుస్తకం మాత్రం భార్య రాస్తుంది. వాళ్ళమ్మగారితో మాటల్లో ఈ తడిగుడ్డ సంగతి చెప్పాను. చాలాసేపు ఊరుకుని, "పలక పట్టుకోమంటే నేనే రోజంతా పక్కన కూర్చుని పట్టుకుందునే, అమ్మా" అన్నది.

ఆ మాట నన్ను వదలడంలేదు. అందుకే మీకు చెబుతున్నాను. మీ ఇంట్లోగాని, పొరుగింట్లోగాని ఏ బిడ్డనైనా "వీడికి రాదు" అని బడి నుంచి పంపేస్తే, తల వంచుకుని వచ్చేయకండి. "ఏం చేస్తే వస్తుంది? అది చెప్పేవారెక్కడున్నారు?" అని గట్టిగా అడగండి. మండల విద్యాశాఖ కార్యాలయంలో భవిత కేంద్రం సంగతి కనుక్కోండి. అడగడం మన హక్కు. ఆ హక్కు ఆనాడు ఆ తల్లికి తెలియదు. మనకు తెలిసింది.