స్టీరింగ్ కాలమ్ దించడం (పాత కార్లు)

స్టీరింగ్ కాలమ్ దించడం అనగా పాత కార్లలో డాష్‌బోర్డు మీటర్లను బయటకు తీయడానికి వీలుగా, స్టీరింగ్ చక్రాన్ని మోసే స్తంభపు ఆధారాలను విప్పి, దానిని డ్రైవరు సీటు వైపుకు కొంత కిందికి వాల్చే మరమ్మతు పద్ధతి. 1960, 1970 దశకాల అమెరికా కార్లలో ఇది సాధారణం. జనరల్ మోటార్స్ సంస్థ తయారుచేసిన మొదటి తరం షెవ్రొలే కెమారో (1967-69 నమూనాలు) ఇందుకు మంచి ఉదాహరణ. పని సులువుగానే కనిపించినా, 1967 తరువాతి కాలమ్ డ్రైవరు ప్రాణరక్షణ సాధనం కూడా అయినందున దీనిని జాగ్రత్తగా చేయవలసి ఉంటుంది.

అవసరం

ఈ కార్లలో స్పీడోమీటరు, ఇంధన మీటరు, హెచ్చరిక దీపాలు ఒకే చట్రంలో అమరి ఉంటాయి. బల్బు మాడినా, వెనుకనున్న ప్రింటెడ్ సర్క్యూట్ చెడినా, స్పీడోమీటరు ముల్లు కదలకపోయినా ఈ చట్రాన్ని డ్రైవరు వైపుకు లాగి తీయాలి. కాలమ్ దానికి అడ్డుగా ఉంటుంది. అందుచేత ముందుగా కాలమ్‌ను దించుతారు.

కాలమ్ నిర్మాణం

పూర్వపు కార్లలో స్టీరింగ్ స్తంభం ఒకే దృఢమైన కడ్డీ. ఎదురెదురు ఢీకొన్నప్పుడు అది వెనుకకు నెట్టబడి ఈటె వలె డ్రైవరు ఛాతీకి తగిలేది. దీనికి పరిష్కారంగా 1967 నమూనాల నుండి జనరల్ మోటార్స్ తన కార్లలో కుంచించుకుపోయే కాలమ్‌ను ప్రవేశపెట్టింది. 1968 జనవరి 1 నుండి అమెరికా ప్రభుత్వ ప్రమాణాలు 203, 204 అమలులోకి వచ్చాయి. 204వ ప్రమాణం ప్రకారం గంటకు 48 కి.మీ. వేగంతో కారు గోడను ఢీకొన్నప్పుడు కాలమ్ 127 మి.మీ. కంటే ఎక్కువ వెనుకకు రాకూడదు.

ఈ కాలమ్ లోపలి కడ్డీ ఒకదానిలో ఒకటి దూరే రెండు ముక్కలుగా ఉంటుంది. వాటిని కలిపి ఉంచేవి చిన్న ప్లాస్టిక్ మేకులు. గట్టి దెబ్బ తగిలితే ఇవి తెగి, కాలమ్ పొట్టిదవుతుంది. డాష్‌బోర్డుకు బిగించే బ్రాకెట్‌లోని బిళ్లలు కూడా ఇటువంటి మేకులతోనే నిలిచి ఉంటాయి. డ్రైవరు శరీరం చక్రాన్ని తాకినప్పుడు బ్రాకెట్ ఈ బిళ్లల నుండి విడిపోయి ఇంజను వైపుకు జరుగుతుంది.

పద్ధతి

కారు నమూనాను బట్టి వివరాలు మారుతాయి. సాధారణ క్రమం ఇది:

1. బ్యాటరీ నెగటివ్ తీగను విప్పాలి. మీటర్ల వెనుక తీగలలో విద్యుత్తు ఉండగా లోహపు పానా తగిలితే మంటలు రేగే ప్రమాదం ఉంది.
2. చక్రాలను తిన్నగా ఉంచాలి. కాలమ్‌కు గీతలు పడకుండా గుడ్డ చుట్టాలి.
3. కాలమ్‌పై గేరు సూచిక ముల్లు ఉన్న కార్లలో దాని తీగను విడదీయాలి.
4. పాదాల వద్దనున్న కింది ఆధారపు స్క్రూలను వదులు చేయాలి.
5. ఒక చేత్తో కాలమ్‌ను పట్టుకొని, డాష్‌బోర్డు కిందనున్న పై బ్రాకెట్ బోల్టులను లేదా నట్టులను తీయాలి. అక్కడ పలుచని రేకులు ఉంటే, ఏది ఏ వైపుదో గుర్తు పెట్టుకోవాలి.
6. కాలమ్‌ను మెల్లగా దించి, సీటుపై ఉంచిన దిండుకు లేదా చెక్కకు ఆనించాలి.
7. వెనుక నుండి స్పీడోమీటరు కేబుల్, తీగల ప్లగ్గులు విడదీసి మీటర్ల చట్రాన్ని తీయాలి. ఆయిల్ పీడనాన్ని సన్నని గొట్టం ద్వారా చూపే మీటరు ఉంటే, ఆ గొట్టం నుండి ఇంజను ఆయిల్ కారుతుంది.

జాగ్రత్తలు

కాలమ్‌ను ఆధారం లేకుండా వేలాడదీయరాదు. దాని బరువుకు కాలమ్ వంగవచ్చు, కింది చివర గేర్‌బాక్సుతో కలిపే రబ్బరు సంధి దెబ్బతినవచ్చు. సుత్తితో కొట్టడం, దానిపై ఆనుకోవడం ప్లాస్టిక్ మేకులను తెంచగలవు. మేకులు తెగినా కారు మామూలుగానే నడవవచ్చు గనుక లోపం బయటపడదు. ప్రమాద సమయంలో మాత్రం కాలమ్ అనుకున్న విధంగా పనిచేయదు.

తిరిగి బిగించేటప్పుడు రేకులను యథాస్థానంలో ఉంచి, బిళ్లలు బ్రాకెట్‌లో సరిగా కూర్చున్నాయో లేదో చూడాలి. అసలు బోల్టులనే వాడి, ఆ కారు సర్వీసు పుస్తకంలో చెప్పినంత బలంతోనే బిగించాలి. కారును రోడ్డుపైకి తీయకముందే చక్రం రెండు వైపులా చివరి వరకు పట్టు లేకుండా తిరుగుతున్నదో లేదో, హారను, సిగ్నల్ దీపాలు, గేరు సూచిక పనిచేస్తున్నాయో లేదో పరీక్షించాలి.

ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లకు ఈ పద్ధతి వర్తించదు.